ఎవరూ రుచి చూడని కహక్

చావు జరిగిన ఇంట్లో మొదటి పండగకి కహక్, అంటే నేతి బిస్కెట్లు, చెయ్యరు. మా ఊరు మన్సూరాలో ఈ నియమం ఎవరూ ఎవరికీ నేర్పరు, అందరికీ తెలుసు. కాగిన నెయ్యి వాసన గుమ్మం దాటి మెట్ల మీదికి వచ్చిందంటే, ఆ ఇంట్లో దుఃఖం చల్లారిందని లెక్క. అందుకని ఇరుగుపొరుగు వాళ్ళే కహక్ పళ్ళేలు పంపుతారు. మామూలు రోజుల్లో పళ్ళెం ఖాళీగా తిరిగివ్వడం మర్యాద కాదు. దుఃఖంలో ఉన్నవాళ్ళు ఖాళీగా ఇచ్చినా ఎవరూ ఏమీ అనుకోరు.

నా భర్త షౌకీ చలికాలం మొదట్లో పోయారు. రంజాన్ నెల చివరికి వచ్చేసరికి మా మేడలో ఆడవాళ్ళందరి చేతులూ మోచేతుల దాకా పిండిలో ఉన్నాయి, నావి తప్ప. బడికి సెలవులిచ్చారు. దిద్దడానికి పిల్లల కాగితాలు కూడా మిగల్లేదు. పై వాటాలో ఉండే మా ఆడపడుచు నిమత్ వదిన రోజూ ఒకసారి కిందికి దిగి మా వంటింట్లోకి తొంగిచూసి వెళ్ళేది.

"ఏం లేదు కదా?"

"ఏం లేదు వదినా."

"ఆ పిండేమిటి?"

"రొట్టెలకి తెచ్చింది."

"కనపడేలా పెట్టకు. చూసినవాళ్ళు ఒకటనుకుంటారు."

ఆమె షౌకీకి అక్క, సగం తల్లి. నేను ఎదురు చెప్పేదాన్ని కాదు. పిండి డబ్బా బియ్యం సంచీ వెనక పెట్టాను.

ఒక మధ్యాహ్నం కింది వాటాలో ఉండే ఉమ్ నహ్లా, అంటే నహ్లా వాళ్ళమ్మ, తలుపు కాలితో తట్టింది. కుడిచేతికి మణికట్టు నుంచి మోచేతి దాకా సిమెంటుకట్టు. పండగకని మెట్లు కడుగుతూ, తను పోసిన సబ్బునీళ్ళ మీద తనే జారింది.

"టీచరమ్మా, నీతో పని పడింది. కాదన్నావో ఇక్కడే కూర్చుంటా."

"ముందు కూర్చోండి. తరువాత చెప్పండి."

"మా నహ్లా పెళ్ళిలో నోరు జారానమ్మా. మా వియ్యపురాలు దౌలత్ లేదూ, అందరి ముందూ అడిగింది, మీ ఇంట్లో కహక్ కొంటారా, చేస్తారా అని. అదొక ప్రశ్నా? కొన్న కహక్ మా గుమ్మం ఎక్కదన్నాను. అంతటితో ఊరుకోవచ్చుగా. మొదటి పండగకి నా చేత్తో చేసి తట్ట నిండా పంపిస్తా చూడు అన్నాను. ఇదిగో, ఇదీ ఆ చెయ్యి."

"ఈసారికి కొని పంపెయ్యరాదూ?"

"పంపొచ్చు. దౌలత్ ఒకటి కొరికి, ఏ వీధిలో ఏ కొట్టో కూడా చెప్తుంది. అక్కడినుంచి నా పిల్ల ఆ ఇంట్లో పులుసు కాచినా 'ఇదీ మీ అమ్మ చేతి వంటేనా' అంటుంది. ఏడాదంతా తినాలి ఆ మాట. అత్తల సంగతి నీకేం తెలుసు, నీకు అత్తే లేదు."

"ఆడపడుచు ఉంది."

"అదే. ఆవిడకి తెలీకూడదు."

నాకు విషయం అర్థమైంది. అయినా, "నాకీ ఏడు కూడదు కదా," అన్నాను.

"కూడనిది మీ ఇంట్లో. మా ఇల్లు మీ ఇల్లవుతుందా? చదువుకున్నదానివి, నువ్వే చెప్పు. పైగా ఈ మేడ మొత్తం మీద ఖాళీగా ఉన్న చేతులు నీవే."

ఆ వాదంలో తప్పు కోసం వెదికాను. దొరకలేదు. దొరకాలని గట్టిగా వెదకలేదు కూడా.

మర్నాడు పొద్దున్న ఆమె వంటింట్లో పీట వేసుకుని కూర్చున్నాను. ఉపవాసాల్లో అది ఇరవై తొమ్మిదో రోజు. నల్లబట్టల మీద పిండి పడితే ఎంత దూరానికైనా కనిపిస్తుందని అప్పుడే తెలిసింది. ఉమ్ నహ్లా సిమెంటుకట్టు ఒళ్ళో పెట్టుకుని, నోటితో పని చేయిస్తోంది.

"నెయ్యి ఇంకా కాగాలి. ఆ, ఇప్పుడు పొయ్ మరి. భయపడతావేం, అది నీ స్టూడెంటు కాదు, కేకలేస్తే ఏడవదు."

కలిపాను, ఉప్పు వేశాను, నువ్వులు పోశాను, పాలతో పిసికాను. ఉండలు చేసి ట్రేలో సర్దుతుంటే ఆమె మెడ సాచి చూసింది.

"అదేమిటమ్మా, కహక్ పెడుతున్నావా, ప్రార్థనకి వరస నిలబెడుతున్నావా? ఆ చివరిది వంకరగా ఉంది, దాన్ని బెంచీ ఎక్కించు."

చిన్న ఇత్తడి పట్టకారుతో కహక్ మీద నొక్కులు వెయ్యాలి. మా ఇంట్లో ఆ పని షౌకీది. ఈసారి నేనే వేశాను.

అంతకుముందు, పిండి ఇంకా బేసిన్‌లో ఉండగానే ఒక చిక్కు వచ్చింది. ఉప్పు సరిపోయిందో లేదో తెలియాలి. పొద్దుగుంకేదాకా మేమెవరం ఏదీ నోట పెట్టం.

"నాలిక చివర ఆనించి ఉమ్మెయ్యి. తప్పులేదంటారు," అంది ఉమ్ నహ్లా.

"అనేవాళ్ళు చెయ్యనివ్వండి."

"నీతో పెద్ద చిక్కే. అయితే ఇవోన్ని పిలుద్దాం, వాళ్ళకి రంజాన్ లేదు."

ఎదురు వాటాలోని ఇవోన్ క్రైస్తవురాలు. జల్లెడ కోసం ఆమే వస్తూ ఉంది. బేసిన్ మీదికి వంగి గట్టిగా వాసన చూసింది.

"ఇందులో నెయ్యుందా?"

"నెయ్యి లేకుండా కహక్ ఏమిటే?"

"అయితే నేనూ ముట్టను. మాకు పెద్ద ఉపవాసాలు. ఈస్టర్ దాకా నెయ్యీ లేదు, పాలూ లేవు."

"మీ ఉపవాసాలు ఇప్పుడే రావాలా?"

"మావి ఎప్పుడూ ఉండే చోటే ఉన్నాయమ్మా. మీ రంజానే ఏటా ముందుకి జరుగుతూ జరుగుతూ వచ్చి మా మీద పడింది."

పిల్లలనైనా పిలుద్దామంటే, ఒకళ్ళని చూసి ఒకళ్ళు పంతానికి మేడలో పిల్లలందరూ ఉపవాసమే. మొత్తానికి ఆ పిండిని ఎవరూ రుచి చూడలేదు.

ట్రేలు కాల్పించడానికి వీధి చివరి రొట్టెల బట్టీకి ఒక్కొక్కటే నెత్తిన పెట్టుకుని తీసుకెళ్ళాను. ఆఖరి ట్రేతో వరసలో నిలబడితే, నా ముందు నల్లబట్టల్లో ఒకావిడ, నెత్తిన దినపత్రిక కప్పిన ట్రేతో నిలబడి ఉంది. వెనక్కి తిరిగి నా పేరు పిలిచింది.

"ఇన్సాఫ్."

"వదినా."

"నెత్తిమీద ఏమిటది?"

"ఉమ్ నహ్లాది. చెయ్యి విరిగింది కదా, మోసుకొచ్చాను." అందులో ఒక్క మాటా అబద్ధం కాదు.

"మోసుకొచ్చినదానివి, ముక్కు మీద పిండేమిటి?"

నేను ముక్కు తుడుచుకుని, "మీ నెత్తిమీద ఏమిటి వదినా?" అన్నాను.

వదిన కళ్ళు పైకెత్తి ట్రే వైపు చూసింది. "ఇది కహక్ కాదు," అంది.

వరసలో పక్కన నిలబడ్డ ఎవరో ఆవిడ పత్రిక ఎత్తి చూసి, "కహకే," అంది.

వదిన పత్రిక మళ్ళీ సరిగ్గా కప్పుకుంది. తరువాత వదిన గొంతు తగ్గించి చెప్పింది.

"ఇంట్లో చెయ్యలేదు. డాబా మీద చేశాను, పావురాల గూళ్ళ దగ్గర. వాసన పైకే పోయింది."

"ఎవరికోసం?"

"వాడికోసమే. పండగనాడు సమాధి దగ్గర పంచడానికి. అందరూ బట్టీ రొట్టె కొని పంచుతారు. వాడు ఆ రొట్టె ఎప్పుడైనా తిన్నాడా? పెడితే మొహం తిప్పుకునేవాడు. ఆఖరికి వాడి పేరు చెప్పి రొట్టె పంచనా?"

"నాకు చెప్పొచ్చు కదా వదినా. నేనూ ఓ చెయ్యి వేసేదాన్ని."

"అందుకే చెప్పలేదు. మొగుడు పోయిన ఏడాది భార్య కహక్ చేస్తే ఊరు ఊరుకోదు. ముసలి అక్క చేస్తే మతి పోయిందనుకుంటారు. నన్ననుకుంటే నాకేం."

ఊరు నన్ను ఒక మాట అనకూడదనే రోజూ నా వంటింట్లోకి తొంగిచూసేదని నాకు అప్పుడు తెలిసింది. నెత్తిమీద ట్రే సరిచేసుకున్నాను.

"నల్లబట్టలమ్మలూ," అన్నాడు బట్టీ మనిషి, "మీ మాటలయ్యేలోగా పండగ వచ్చి వెళ్ళిపోతుంది. ముందుకి రండి."

ఆ సాయంత్రం ఉమ్ నహ్లా మా ఇద్దరినీ ఇఫ్తార్‌కి కూర్చోబెట్టింది. కాల్చిన కహక్ బల్ల నిండా ఉంది, చూడ్డానికి ముచ్చటగా. పొద్దుగుంకిందని రేడియోలో ఫిరంగి పేలింది. ఖర్జూరం తిని నీళ్ళు తాగాం. ఉమ్ నహ్లా సూప్ కూడా ముట్టకుండా ఒక కహక్ తీసుకుని కొరికింది. ఆమె నమలడం మానేసింది.

"టీచరమ్మా, ఉప్పెంత వేశావు?"

"మీరు చెప్పినంతే. ఒక్కసారి."

నేనూ ఒకటి కొరికాను. సముద్రం నీళ్ళతో పిసికినట్టుంది.

జల్లెడ తిరిగివ్వడానికి వచ్చి గుమ్మంలో నిలబడ్డ ఇవోన్ మెల్లిగా అంది, "నేనూ కాస్త వేశాను. దిగులులో మరిచిపోయి ఉంటుందిలే పాపం అనుకున్నాను."

ఉమ్ నహ్లా తన ఎడమచెయ్యి వంక చూసుకుంది. "నేనూ వేశాను. పాలు కాచడానికి నువ్వు అటు తిరిగినప్పుడు. ఎడమచేతికి కొలత తెలీదమ్మా."

నా మీద జాలిపడి ఇద్దరూ సాయం చేశారు. ఎవరిని ఏమనాలి?

అప్పుడే రేడియోలో నెలవంక కనిపించిందని చెప్పారు. రేపే పండగ. మేడ మెట్ల మీద పిల్లలు కేరింతలు కొడుతున్నారు. తట్ట ఈ సాయంత్రమే నది దాటి తల్ఖాలోని నహ్లా అత్తగారింటికి చేరాలి. ఉమ్ నహ్లా ఏడవలేదు. తలగుడ్డ కొంగుతో బల్ల తుడుస్తూ, తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తూ, "నా పిల్ల గుమ్మంలోనే నిలబడి ఎదురుచూస్తూ ఉంటుంది," అంది.

మా చూపులు వదిన మీదికి వెళ్ళాయి.

"నన్ను చూడకండి," అంది నిమత్ వదిన.

"ఎవరు చూస్తున్నారు?" అంది ఉమ్ నహ్లా, ఇంటికప్పు వంక చూస్తూ.

"పైకీ చూడకండి."

వదిన కహక్ పైన ఆమె వాటాలో చల్లారుతోంది. వదిన చాలాసేపు గ్లాసు చేతిలో తిప్పి, నా వైపు తిరిగింది.

"చేసింది నేనైనా అవి వాడివి. వాడు నీ మొగుడు. నువ్వు చెప్పు."

షౌకీ అయితే ఏమనేవారో నాకు తెలుసు. కానీ పోయినవాళ్ళ నోట్లో మాటలు పెట్టడం చాలా సులువు. వాళ్ళు కాదనరు. అందుకని నా మాటగానే చెప్పాను.

"నహ్లాకి పంపిద్దాం వదినా."

"మరి వాడికి?"

"రొట్టె."

"మొహం తిప్పుకుంటాడు."

"తిప్పుకోనివ్వండి. ఈసారికి."

వదిన లేచి కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్నది చెమటే అన్నట్టు నుదురూ మెడా కూడా తుడుచుకుంది. ఆ తరువాత ఆమెని పట్టడం మా వల్ల కాలేదు. పంచదార పొడి తెమ్మంది. నేను చల్లుతుంటే లాక్కుని, "పంచదార చల్లుతున్నావా, సుద్దముక్క అరగదీస్తున్నావా," అని తనే చల్లింది. తట్టలో తెల్ల గుడ్డ పరిచి, విరిగినవి అడుగున పెట్టబోయిన ఇవోన్ చేతి మీద ఒకటి వేసింది. ఉమ్ నహ్లా కట్టు కనపడకుండా శాలువా కప్పుకుని, భర్తని వెంటబెట్టుకుని టాక్సీ ఎక్కింది.

తిరిగి వచ్చేదాకా వదిన తన వాటాకి వెళ్ళలేదు. మా ఇంట్లో కూర్చుని, టీ చల్లారబెట్టుకుంటూ, వీధిలో ఆగిన ప్రతి బండి చప్పుడుకీ కిటికీ వంక చూసింది.

ఉమ్ నహ్లా సరాసరి మా వాటాకే వచ్చింది, ఆయాసపడుతూ.

"నహ్లా ఎలా ఉంది?" అన్నాను.

"తట్ట చూసి వాళ్ళత్త వంక చూసిందమ్మా, రాణీగారిలా. దౌలత్ నా పిల్లని పక్కనే కూర్చోబెట్టుకుని మొదటిది దాని నోట్లోనే పెట్టింది. తరువాత తనొకటి తింది. ఇంకోటి తింది."

"ఏమంది?" అంది వదిన.

"ఒంటిచేత్తో చేసినదానికి బాగానే ఉన్నాయంది."

"చెయ్యి చూసిందా?"

"శాలువా లాగి మరీ చూసింది. ఏమీ అడగలేదు. నవ్వి, ఈసారి చెయ్యి బాగయ్యాక ఇంకా బాగా చేస్తావులే అంది. మంచిదే పాపం, మనిషి. నేనే ఊరికే ఆడిపోసుకున్నాను."

"ఇంకేమంది?"

"ఇంకేం లేదు."

"ఏదో ఉంది. నీ మొహం చెప్తోంది."

ఉమ్ నహ్లా నా వంక చూసింది. "ఉప్పు కాస్త తగ్గిందంది."

వదిన నిటారుగా అయిపోయింది. "ఉప్పు తగ్గడమా? అది మా అమ్మ కొలత. ఆ కొలతతో చేసిన కహక్ తిని ఇంతవరకు ఎవడూ ఒక్క మాట అనలేదు."

నాకు నవ్వు వచ్చింది. ఆపుకుందామనుకున్నాను. షౌకీ పోయాక నేను గట్టిగా నవ్వడం అదే మొదలు. ఉమ్ నహ్లా కట్టు ఉన్న చెయ్యి పొట్టకి ఆనించుకుని నాతోపాటు నవ్వింది.

"మెల్లిగా," అంది వదిన, "మెట్ల మీదికి వినపడుతుంది."

లేచి వెళ్ళి తలుపు మూసింది. మూసి, వచ్చి కూర్చుని, కాసేపు ఆలోచించింది.

"నిజంగానే తగ్గిందంటావా?" అంది.