ప్లాస్టరు మీద బొట్టు

గుంటూరులోని ఆ కాలేజీ ల్యాబులో పొటెన్షియోస్టాట్ మీదున్న ఒక నాబ్‌ని ఏడేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు. ద్రావణంలో ముంచిన తీగకి అడిగినంత ఓల్టేజి అందుతోందో లేదో ఆ యంత్రం కనిపెట్టుకుంటూ, తేడా వస్తే తనంతట తానే దిద్దుకుంటుంది. ఎంత చురుగ్గా దిద్దుకోవాలో చెప్పేది ఆ నాబ్. ఎప్పుడో తనిఖీ రోజున గ్రాఫు వణుకుతోందని ల్యాబు పెద్ద రామచంద్రమూర్తిగారు దాన్ని ‘నెమ్మది’కి తిప్పి, కదలకుండా ప్లాస్టరు అంటించారు. ఆ ఏడు ఆయుధపూజకి అటెండరు సరిగ్గా ప్లాస్టరు మీదే బొట్టు పెట్టాడు. ఇంకేముంది, అప్పట్నుంచి దసరా దసరాకీ ప్లాస్టరుకే పూజ. చదువుకున్నవాళ్ల భక్తి అలా ఏడిసింది.

జ్యోతిర్మయి అక్కడ రీసెర్చ్ చేస్తోంది. వాళ్లమ్మ పిచ్చమ్మ అద్దంకి దగ్గర ఒక గోడౌన్‌లో మిరపకాయలకి తొడిమలు తీస్తుంది. ఈసారి వచ్చిన కాయలకి ఆడవాళ్ల చేతులు బొబ్బలెక్కాయి. కారం మంట ఎరగని చేతులా అవి? ఇది పురుగుమందేనని పని ఆపేశారు. యజమాని కాయల్ని ఈ ల్యాబుకే పరీక్షకి పంపాడు. మందు లేదని రిపోర్టు వస్తే అబద్ధాలకోరులని అందరినీ మాన్పించేస్తాడు.

ఆ కాయల గ్రాఫు ఏ శిఖరమూ లేకుండా నున్నగా వచ్చింది. మూర్తిగారు ‘మందు లేదు’ అని రాసి సంతకం పెట్టమన్నారు.

జ్యోతిర్మయికి ఒళ్లు మండింది. పెట్టనంది. శుభ్రమైన ద్రావణంలో తన చేత్తోనే మిరపకి కొట్టే మందు రెండు చుక్కలు వేసి యంత్రాన్ని నడిపింది. గ్రాఫు అంతే నున్నగా వచ్చింది.

“నేనేసిన మందే దీనికి కనపడలేదు సార్. మా అమ్మావాళ్ల కాయల్లోది ఏం కనపడుద్ది?”

ఓల్టేజి గబగబా మెట్లెక్కాల్సిన పరీక్ష అది. నెమ్మదిలో పెడితే యంత్రం ఒక మెట్టు అందుకునేలోపే ఇంకోటి వచ్చేస్తోంది. మందుని చూపించే శిఖరం అక్కడే చదునైపోతోంది. వేగం పెంచితే వణుకుతుందమ్మా, దాని జోలికి పోవద్దన్నారు మూర్తిగారు.

ఆమె గోటితో ప్లాస్టరు పీకేసింది.

‘వేగం’లో గ్రాఫు నిజంగానే వణికిపోయింది. ఆయన ముఖంలో చెప్పానా అన్న ధీమా. అప్పుడామె యంత్రానికి ఓల్టేజి ఎంతుందో చెప్పే రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ని పైకి లాగి చూపించింది. ఏళ్ల తరబడి మురికి పట్టి దాని కొన పూడుకుపోయింది. బీరువాలోంచి కొత్తది తెచ్చి పెడితే వణుకు తగ్గింది గానీ పోలేదు. నాబ్‌ని ‘మధ్యస్థం’కి తిప్పింది. వణుకు ఆగింది. ఆమె వేసిన రెండు చుక్కలూ శిఖరమై లేచాయి.

మందు కొట్టని పెరటి కాయలకి అక్కడ ఏమీ రాలేదు. గోడౌన్ కాయలకి అదే చోట రెండింతల శిఖరం లేచింది.

మూర్తిగారు కుర్చీలో కూర్చుండిపోయారు.

“మరి ఈ ఏడేళ్ల రిపోర్టులు?” అన్నారు.

“అవీ మళ్లీ చేద్దాం సార్. ముందు ఇది దిద్దండి.”

ఆయన ‘మందు లేదు’ కొట్టేసి, ఉందని రాసి, పెన్ను ఆమెకిచ్చారు. సెట్టింగు మధ్యస్థం అని పై వరసలోనే రాసి, జ్యోతిర్మయి సంతకం పెట్టింది.