పెళ్లికొడుకు బదులు తమ్ముడు

ఇటలీలోని పో నది మీంచి లేచిన పొగమంచు చర్చిలోకి కూడా చొరబడింది. దీపాలు, పూలు, జనం అన్నీ పెళ్లికూతురు ఎర్సీలియాకి కలలోవిలా కనిపిస్తున్నాయి. పెళ్లికొడుకు మంచుకొండల అవతల తన కోటలో హాయిగా ఉన్నాడు. రాజులు పెళ్లికోసం కాలు కదపరు మరి! వాళ్ల బదులు ఎవరో ఒకరు నిలబడితే చాలు. ఈసారి నిలబడింది ఆమె తమ్ముడు ఫుల్వియో.

"అక్కా, మీ ఆయన నా అంత అందంగా ఉంటాడంటావా?" అన్నాడు చెవిలో.

"నోర్మూసుకోరా, బిషప్పుగారు చూస్తున్నారు."

నవ్వాపుకుంటూనే ఉంగరం తొడిగాడు. "కష్టంలోనూ సుఖంలోనూ నీ చెయ్యి విడవను" అని బావ తరఫున చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం వాడు సగంలో ఆగి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. రేపు పొద్దున్నే అక్క గుర్రబ్బండి ఎక్కి వెళ్లిపోతుందని అప్పుడే తెలిసొచ్చినట్టుంది. ముక్కు ఎగబీల్చి ఎలాగో పూర్తి చేశాడు.

కొండలు దాటాక అసలు మొగుడు ఎదురొచ్చాడు. "ప్రమాణాలు అక్కడే అయిపోయాయిగా, మళ్లీ ఎందుకు?" అని ఒక్క ఆశీర్వాదంతో సరిపెట్టించి, భోజనానికి లేచాడు. మంచివాడో చెడ్డవాడో తేల్చుకునేంతగా ఆమెతో ఏనాడూ మాట్లాడలేదు.

ముసలి రాణి అయ్యాక కూడా, కిటికీ అవతల పొగమంచు కమ్మిన రోజున, చెయ్యి విడవనన్న ఆ మాట ఆమెకి వినబడేది. మధ్యలో ముక్కు ఎగబీలుస్తూ, తమ్ముడి గొంతుతోనే. జీవితం మొత్తంలో ఆ మాట ఆమెతో అన్నది వాడొక్కడే.