హెప్సిబా టీచర్ తెల్లచీర

పరికిబండ అంగన్‌వాడీలో పొద్దున హాజరు పిలవడం అయిపోగానే పిల్లలు చూసేది బోర్డు వైపు కాదు, హెప్సిబా టీచర్ చీర వైపు. ఏ రోజు పాఠం ఆ రోజు చీర మీదే వస్తుంది.

ఇంట్లోంచి బయలుదేరేటప్పుడు అది ఉత్త తెల్లచీరే. హెప్సిబా మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగిన మనిషి. వాళ్లమ్మ ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన బైబిలమ్మ. ఆ తల్లి పోతూ పోతూ కూతురికి ఒక పాటల పుస్తకం, ఒక ఇనుప పెట్టెడు తెల్ల నూలుచీరలు మిగిల్చింది. వాటిలో ఒకటి కట్టుకుని హెప్సిబా అంగన్‌వాడీ పక్కన దున్నకుండా వదిలేసిన పడావు భూమిలోంచి అడ్డదారిన నడుస్తుంది. ఎదురైన ప్రతిదాన్నీ పేరు పెట్టి పిలుస్తుంది. పిలిచినవి వచ్చి చీర మీద అచ్చుపడతాయి. తొండ కుచ్చిళ్ల మీదికి, తూనీగలు కొంగు మీదికి, కంజు పిట్ట పిల్లల్ని వెంటేసుకుని అంచు మీదికి. అచ్చు అన్నానని గుడ్డ మీద రంగులా పడి ఉంటాయనుకునేరు. తొండ తల ఆడిస్తూనే ఉంటుంది. కంజు పిట్ట అంచు పొడవునా నడుస్తూనే ఉంటుంది. సాయంత్రం బడి వదిలాక అదే దారిలో పొమ్మంటే దిగి పోతాయి, ఆమె తెల్లచీరతో ఇల్లు చేరుతుంది.

ఊళ్లో దీన్ని ఎవరూ వింత అనుకోరు. నల్లా దగ్గర ఆడవాళ్లు బిందె నిండేలోపు ఆమె చీరను ఒకసారి పైనించి కిందికి చూస్తారు. "కొంగు నిండ గండుచీమలే ఉన్నయి టీచరమ్మా, వాన కొట్టెటట్టున్నది" అని ఎండేసిన వడ్లు లోపలికి తెచ్చుకుంటారు. చర్చిలో పాస్టరుగారు మాత్రం ఒక ఆదివారం ప్రసంగం ఆపి, అందరి కళ్లూ ఆమె వీపు మీది ఉడుత మీదే ఉన్నాయని, "హెప్సిబమ్మా, జర ఎనుక బెంచీల కూసో" అన్నారు. ఆమె వెనక బెంచీకి మారింది. ఉడుతా మారింది.

పిల్లలకు ఆమె నేర్పేది కూడా ఆ పిలుపే. ఏడాది తిరిగేసరికి ప్రతి పిల్లా పిల్లవాడూ ఒక్కదాన్నైనా తన అంగీ మీదికి పిలుచుకోవాలి.

"టీచర్, నేను పురుగూ పురుగూ అని పిలిచిన. ఒక్కటి గూడ రాలే" అని జోయల్ ఏడుపు మొహం పెట్టాడు.

"నిన్ను ఓ మనిషీ, ఓ మనిషీ అని పిలుస్తె పలుకుతవార?"

"పలుకను."

"మరి అదెందుకు పలుకుతది? అది ఆరుద్ర పురుగు. దానికి పేరున్నది."

జోయల్ గొంతు సవరించుకుని, ఎంతో మర్యాదగా, "ఆరుద్ర పురుగూ" అన్నాడు. ఎర్రటి మఖమల్ చుక్క ఒకటి వచ్చి వాడి అంగీ చేతి మీద అచ్చుపడింది. ఆ రోజంతా వాడు ఆ చెయ్యి మడవలేదు.

ఇంత చదువూ ఆ పడావు భూమి చలవే. అది జగన్మోహన్‌రావు గారిది. అన్నదమ్ముల కొట్లాట పుణ్యమా అని ఆ ఎకరం ఏళ్లుగా నాగలి మొహం చూడలేదు. తంగేడు, తుమ్మ, పరికి, గునుగు, నడుమ పెద్ద పుట్ట, ఎవడూ నాటనివి, ఎవడూ నీళ్లు పోయనివి, మొండిగా పెరిగాయి. దాని చుట్టూ కనుచూపు మేర పత్తి. పత్తిలో నిలబడి గొంతు చించుకుని పిలిచినా పలికే ప్రాణి లేదు, వారానికో మందు పడుతుంది కదా! అన్నదమ్ములు రాజీపడ్డారని, ఆ ఎకరం అమ్మకానికి వచ్చిందని, ముందుగా గడ్డిమందు కొట్టిస్తారని తెలిసిన రోజు హెప్సిబాకు అన్నం దిగలేదు. ఆ ఎకరం పోతే చీర తెల్లగానే ఉండిపోతుంది. తెల్లచీర చూపించి పసిపిల్లలకు ఏం పాఠం చెప్పాలి?

నేరుగా జగన్మోహన్‌రావు ఇంటికే వెళ్లింది. ఆయన గంజి పెట్టిన తెల్ల అంగీలో, మడత నలగకుండా, వరండాలో కూర్చుని ఉన్నాడు.

"గడ్డిమందు కొట్టిస్తున్నరట?"

"కొట్టిస్తున్న. కరీంనగర్ పార్టీ చూడనీకి వస్తున్నది. పొదలు, పుట్టలు కనవడితె ఎవడు కొంటడు?"

"మా పిల్లల పాఠమంత అండ్లనే ఉన్నది జగన్మోహన్‌రావు గారూ."

ఆయన కనుబొమలు పైకి లేచాయి. "మీ అవ్వ, బైబిలమ్మ, నన్ను దొరా అని పిలిచేది."

"మా అవ్వ పిలిచింది. నేను టీచర్ను."

ఆయన అంగీ మడత సరిచేసుకున్నాడు. తరవాత నవ్వాడు. "ఫికర్ చెయ్యకు. టీవీ పంపిస్త. పులులు, సింహాలు, అన్ని ఉంటయి అండ్ల. గీ పురుగు బూసి ఎందుకు పోరగాండ్లకు?"

అన్న మాట తప్పలేదు, టీవీ వచ్చింది. పిల్లలకు నచ్చలేదంటే అబద్ధం, నోళ్లు తెరుచుకుని చూశారు. జోయల్ లేచి అంగీ ముందుకు లాగి పట్టుకుని, "సింహమా, రా" అన్నాడు. సింహం అటు తిరిగి వెళ్లిపోయింది.

"పేరు మంచిగనే పిలిచిన గద టీచర్?"

"అది దాని ఊర్లున్నదిరా. మన ఊర్లున్నోళ్లను పిలువు ముందుగాల."

గడ్డిమందు కొట్టే రోజు పొద్దున్నే హెప్సిబా పెట్టెలో ఉన్నవాటిలో అన్నిటికంటే పొడుగైన చీర కట్టుకుంది. పిల్లలందరికీ వాళ్ల బాపుల తెల్ల బనియన్లు తొడిగించింది. అవి మోకాళ్ల కింది దాకా వేలాడుతున్నాయి. అందరినీ తీసుకొచ్చి ఎకరం అంచున వరసగా నిలబెట్టింది. ఆయా చంద్రవ్వ కూడా అన్నం వార్చే తెల్లగుడ్డ పట్టుకుని వచ్చి నిలబడింది.

వీపున పంపు తగిలించుకుని వెంకటేశ్ వచ్చాడు. వరసలో ఉన్న సమ్మక్క అతని కూతురే. వెనకాలే కారులో జగన్మోహన్‌రావు, పక్కన ఆయన మనవరాలు ప్రణతి. జమ్మికుంటలో ఇంగ్లీషు బడికి వ్యానెక్కి పోయే ఐదేళ్ల పిల్ల. ఆ రోజు సెలవు.

"ఏందిది?" అన్నాడు జగన్మోహన్‌రావు.

"పాఠం నడుస్తున్నది."

"నా భూమిల అడుగువెట్టినవంటె మంచిగుండది."

"పెడ్తలేను. ఈడనుంచే పిలుస్త. పిలుసుడు మీద గూడ మీకు పట్టా ఉన్నదా?"

ఇక ఆయన వైపు చూడలేదు. పిలవడం మొదలుపెట్టింది. తొండల్ని పిలిచింది, జెర్రుల్ని పిలిచింది, గొల్లభామల్ని, కందిరీగల్ని, ముంగిసను పిలిచింది. మొక్కల్నీ వదల్లేదు. ఉత్తరేణీ, తుమ్మీ, గునుగూ, గంగవాయిలీ అంటుంటే ఒక్కొక్కటీ విత్తనాలతో సహా వచ్చి కుచ్చిళ్లలో సర్దుకుంది.

"ఏమైందిరా వెంకటేశూ, పంపు చాలు చెయ్యవు?"

"ఖరాబైంది దొరా. పెట్రోలు అందుతలేదు" అన్నాడు వెంకటేశ్, తాడు గుంజుతూ. పెట్రోలు వదిలే కుళాయి కట్టేసి ఉంది, దాని మీద అతని బొటనవేలు ఉంది. అది చూడనిది జగన్మోహన్‌రావు ఒక్కడే.

కొంతసేపటికి చీరలో తెలుపన్నది మిగల్లేదు. అంత బరువు మోయలేక హెప్సిబా మట్టిలో కూలబడింది. "ఇగ నాతోటి కాదు బిడ్డా. ఇగ మీరు పిలువుండ్రి" అంది.

పిల్లలు పిలిచారు. అమ్మో, ఎన్ని పేర్లు వచ్చు ఆ పసివాళ్లకు! నత్తిగా, తప్పుగా, సగం మింగుతూ, ఒకరి మీద ఒకరు అరుస్తూ పిలిచారు. సమ్మక్క నలికిరి పాముల కుటుంబాన్నంతా పిలిచింది. జోయల్ బనియను ముందువైపు చీమలకే సరిపోయింది, వెనక్కి తిరిగి నిలబడి వీపు మీదికి కప్పల్ని పిలిచాడు. చంద్రవ్వ గుడ్డ మీద చెవులపిల్లి ముడుచుకుంది. చివరికి పిల్లల బనియన్ల మీద కూడా వేలు పెట్టే జాగా లేకపోయింది.

అప్పుడు జగన్మోహన్‌రావు తనే వచ్చి వెంకటేశ్ బొటనవేలు పక్కకు తోసి, కుళాయి తిప్పి, తాడు గుంజాడు. పంపు అంటుకుంది. మందు వాసన లేచింది.

ఆ వాసనకు నడిమి పుట్టలోంచి ఒక ఉడుము బయటికి వచ్చింది. అటు చూసింది, ఇటు చూసింది. ఎక్కడా ఖాళీ లేదు. జోయల్‌కు మనసు ఆగలేదు.

"ఓ పాపా! నువ్వు పిలువు! దాని పేరు ఉడుము!"

ప్రణతి ఒక్క క్షణం తాత మొహం చూసింది. తరవాత చేతులు చాపి, ఉన్న గొంతంతా పెట్టి, "ఉడుమూ, నా దగ్గరికి రా!" అంది.

ఉడుము తోక విదిలిస్తూ పరుగెత్తుకొచ్చింది. ప్రణతి గౌను చుట్టూ తిరిగింది. ఆ గౌను నిండా బొట్టుపెట్టే సందు లేకుండా గులాబి రంగు పిల్లిబొమ్మలు. ఆ పక్కనే గంజి పెట్టిన తెల్ల అంగీ, ఒక్క ముడత లేకుండా, ఎకరమంత ఖాళీగా ఉంది. ఉడుము దానిమీదికి ఎక్కింది. ఛాతీ మీద తల, నడుం చుట్టూ తోక పెట్టుకుని కుదురుకుంది.

జగన్మోహన్‌రావు దులిపాడు, గుంజాడు, ఎగిరాడు.

"ఉడుము పడితె ఇడుస్తదా దొరా" అంది చంద్రవ్వ, మొహం పక్కకు తిప్పుకుని.

నాలుగు రోజుల్లో ఎకరం పసుపుపచ్చగా మాడిపోయింది. పొమ్మంటే చీర మీదివి దిగలేదు. దిగి ఎక్కడికి పోతాయి? పిల్లల బనియన్లవీ దిగలేదు. తల్లులు సణుక్కుంటూనే ఆ బనియన్లను బండకేసి కొట్టకుండా చన్నీళ్లలో మెల్లగా జాడించారు. పిల్లలు వాటితోనే తిన్నారు, వాటితోనే పడుకున్నారు. సమ్మక్క పుట్టువెంట్రుకలు తీయించడానికి వేములవాడకు వాటితోనే పోయింది. జోయల్ వాళ్ల బాపు వెంట జమ్మికుంట పత్తి యార్డుకు పోయి, అడిగినవాడికీ అడగనివాడికీ తన వీపు చూపించి కప్పల పేర్లు చెప్పి వచ్చాడు.

జగన్మోహన్‌రావు అంగీ మార్చాడు. ఉడుము కొత్త అంగీ మీదికి మారింది. రంగు గళ్ల చొక్కా వేసుకుంటే ఉడుము మంచం మీది తెల్ల దుప్పటిలో ఉండిపోయింది. బాగానే ఉందనుకుని ఆ చొక్కాతో యార్డుకు పోతే, బస్తా మోసేవాడు దొర అని గుర్తుపట్టక "జరుగు పెద్దమనిషీ" అన్నాడు. ఇంటికి వచ్చి మళ్లీ తెల్ల అంగీ తొడుక్కున్నాడు.

కరీంనగర్ పార్టీ వచ్చి ఎకరం చూసింది, తరవాత ఆయన అంగీ చూసింది. "ఈ భూమిల ఉండెటోళ్లు ఇంక ఒప్పుకున్నట్టు లేరు గద సార్" అని కారు తిప్పుకుని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే ఆయన మనవరాలి చెయ్యి పట్టుకుని అంగన్‌వాడీ గడప ఎక్కాడు. "పరేషాన్ అయితున్న. దింపు దీన్ని" అన్నాడు.

"నేను పిలువలే" అంది హెప్సిబా. "పిలిచినోళ్లే పొమ్మనాలె."

ఆయన కిందికి చూశాడు. "ప్రణతీ, పొమ్మను బిడ్డా."

"పొమ్మనను."

ఆ ఇంట్లో ఆయన మాటకు అడ్డుచెప్పిన మనిషి అప్పటిదాకా పుట్టలేదు. "ఎందుకే?"

"ఎటు పోతది తాతా? దాని ఇల్లు నువ్వే ఖరాబు చేసినవ్ గద. గడ్డి మొలువనీ. పొదలు రానీ. గప్పుడు పొమ్మంట." పిల్ల ఆయన చెయ్యి వదిలించుకుని పోయి సమ్మక్క పక్కన చాప మీద కూర్చుంది. "నేను వ్యాన్ ఎక్కను. ఈన్నే సదువుకుంట. నువ్వు గూడ కూసో. అది నీ మీద ఉన్నది గద."

బతిమాలాడు, బెదిరించాడు, చాక్లెట్లు చూపించాడు. పిల్ల దిగిరాలేదు. ఆ ఎకరం మళ్లీ పడావు పడింది, ఈసారి కొట్లాట వల్ల కాదు. వానలకు గునుగు తల ఎత్తింది. కుచ్చిళ్లలోంచి గంగవాయిలి దిగిపోయింది. బనియన్ల మీదివి ఒక్కొక్కటే దిగుతున్నాయి. ఉడుముకు పుట్ట కావాలి, పుట్టకు చెదలు కావాలి, చెదలకు ఎండిన కట్టె కావాలి. అదంతా కుదిరేదాకా ప్రణతి పొమ్మనదు.

అందుకని రోజూ పొద్దున హాజరు అయ్యాక జగన్మోహన్‌రావు గోడకు ఆనుకుని, చాప మీద మఠం వేసుకుని, కదలకుండా కూర్చుంటాడు. హెప్సిబా సన్నటి పుల్లతో ఆయన ఛాతీని చూపిస్తుంది.

"ఇది ఏంది?"

"ఉడుము!" పైకప్పు అదిరేలా అరుస్తారు పిల్లలు.

"ఏం తింటది?"

మొదటి రోజు ఇది ఎవరికీ తెలియలేదు. జగన్మోహన్‌రావు గొంతు సవరించుకుని, "గుడ్లు తింటది. పురుగులు, ఎలుకలు..." అన్నాడు.

"తాతా, గట్ల చెప్పొద్దు" అంది ప్రణతి. "చెయ్యి లేపి చెప్పాలె."

జగన్మోహన్‌రావు చెయ్యి లేపాడు.