పొద్దుటి అన్నం

పెద్ద గుండిగలో కోడి ఎముకలు కుతకుతలాడుతున్నాయి. నెజు ముల్లంగి తరుగుతున్నాడు. పచ్చి మంచినీళ్ళు తప్ప కడుపులో ఏమీ లేదు. పేగులు అరుస్తుంటే అతనికి హుషారుగా ఉంది. అరిచేకొద్దీ ఒళ్ళు కరుగుతున్నట్టే లెక్క. ఇవాళ తూకం.

ఒకప్పుడు అతనూ సుమో మల్లుడే. ఎవరికీ గుర్తులేని మల్లుడు. జుట్టుముడి కోయించుకుని బరి వదిలాక అదే తాలింఖానాలో వంటకు కుదిరాడు. పొట్ట, మెడ, తొడలు మాత్రం అలాగే ఉండిపోయాయి. మోకాళ్ళు పోయాయి. నూట ఇరవై కిలోలకు దిగితేనే ఆపరేషన్ అన్నాడు డాక్టరు.

భార్య కినుయో పోయినప్పుడు ఆమె పటం ముందు అందరూ మోకరిల్లారు, మొగుడు తప్ప. ఈనాటికీ నిలబడే అగరొత్తి వెలిగిస్తాడు, అద్దె అడగడానికొచ్చిన వాడిలా. ఒక్కసారి మోకాళ్ళు వంచి ఆమె ఎదుట కూర్చోవాలి. అందుకే వసంతం నుంచీ పొద్దుటి తిండి మానేశాడు. మధ్యాహ్నం ఒకటే భోజనం. మెలకువగా ఉంటే మళ్ళీ నోరు లాగుతుందని, తినగానే నిద్ర.

సాధన ముగించి మల్లులంతా కాటా చుట్టూ మూగారు.

"మెల్లిగా ఎక్కన్నా, దానికీ మోకాళ్ళుంటాయి!" అన్నాడొక మల్లుడు నెజుతో.

ముల్లు వసంతంనాటి గీత దాటి ఆగింది. బరువు పెరిగింది.

"పొద్దున్నే ఏం తింటున్నావు?" అంది గురువుగారి భార్య.

"ఒక్క మెతుకు ముట్టనమ్మగారూ. మధ్యాహ్నం తిని పడుకుంటా, అంతే."

"నీ తెలివి తగలెయ్య! ఎండుపుల్లలా వచ్చినవాణ్ణి నిన్ను లావెక్కించింది ఎలాగనుకున్నావు? పొద్దున మాడ్చి, మధ్యాహ్నం కుక్కి, పడుకోబెట్టి కాదూ?"

నెజుకు వెలిగింది. ఈ కుర్రాళ్ళను రోజూ తన చేత్తో అలాగే బలిపిస్తున్నాడు. ఒక్కసారిగా పొట్ట అదిరేలా నవ్వాడు.

"అయితే పొద్దున తింటే తగ్గుతానా?"

"కొంచెం తిను. తిన్నాక పడుకోకు, నడువు."

పొద్దుటి అన్నం! దాని రుచి ఎరిగి ఎన్ని నెలలయిందో. వడ్డనలవుతున్నంతసేపూ ఈల వేస్తూనే ఉన్నాడు. చివరన తానూ ఎప్పటిలాగే కడుపునిండా తిన్నాడు. గిన్నెలు కడిగి, మర్నాటికి బియ్యం నానబోశాడు. పొద్దున కొంచెమే తినడానికని, కినుయో వాడిన నీలం గిన్నె వెతికి తీశాడు. అతని గుప్పిట్లో ఇమిడిపోయేంత గిన్నె.

"నడవాలన్నారుగా అమ్మగారు?" అన్నాడొక కుర్రాడు.

"రేపటి నుంచి. ఇవాళ ఆఖరి నిద్ర పోనీరా."

దీపాలవేళ కుర్రాడు లేపబోయాడు. లేవలేదు. ఒళ్ళు చల్లబడి ఉంది. మోయడానికి ఎనిమిదిమంది మల్లులు పట్టారు.

వంటింట్లో పళ్ళెంలో నీలం గిన్నె బోర్లించి ఉంది. పక్కన ఊరవేసిన ఎర్రటి పుల్లపండు ఒకటి.