స్టవ్ కట్టేసిన సాయంత్రం

"నిన్న కూరలో ఉప్పు తగ్గింది, ఇవాళ చూసి వెయ్యి," అన్నాడు మా ఆయన హర్తోనో చెప్పులు వేసుకుంటూ. ఉపవాసంలో ఉన్నదాన్ని, ఉప్పెలా చూడను? నాలుక చివర తగిలించి ఉమ్మెయ్యొచ్చంటారు పెద్దలు. నాకు భయం. రంజాన్ నెలంతా వాసన పట్టే వండుతాను. సాయంత్రమయ్యేసరికి జకార్తా జనమంతా వీధుల మీద పడతారు, పొద్దుగుంకేదాకా ఆకలి మరిచిపోవడానికి. ఆయన కూడా పిల్లలిద్దర్నీ మోటార్‌సైకిలెక్కించుకుని రైళ్లు చూడ్డానికో, కాలవగట్టుకో పోతాడు. "వెనింగ్, ఈ వేళప్పుడు మన ఊరు ఎంత బాగుంటుందో!" అంటాడు తిరిగొచ్చి, నేను వడ్డించిన పళ్లెం ముందు కూర్చుని. అవునంటాను. పెళ్లయి ఈ ఊరొచ్చినప్పట్నుంచీ ఆ వేళప్పుడు నేను చూసింది బాణలిలో నూనె బుడగల్నే.

మామయ్య పోయాక అత్తయ్య వాళ్లూరు క్లాతెన్ నుంచి వచ్చి మా దగ్గరే ఉంటోంది. ఆ రోజు బండి చప్పుడు సందు దాటాక, తూటికూర తుంచుతూ అడిగింది.

"నువ్వెప్పుడైనా వెళ్లావా అమ్మాయ్?"

"నేనెళ్తే వంటెవరు చేస్తారత్తయ్యా?"

ఆమె లేచి స్టవ్ కట్టేసింది. "తలకి గుడ్డ చుట్టుకో."

సందు చివర ఏ బస్సు ముందొస్తే అదెక్కాం. ముందువైపు ఆడవాళ్ల సీట్లలో కిటికీ పక్కన నన్నే కూర్చోమంది. కాలవ కనబడగానే దిగాం. గట్టు నిండా జనం, పైన గాలిపటాలు. నీళ్లు ఎప్పట్లాగే నల్లగా ఉన్నాయి, కానీ వాటి మీద ఎండ రాగిరంగులో పడుతోంది. హర్తోనో అబద్ధం చెప్పలేదు. ఎటూ పోవాల్సిన పని లేకుండా నడిచాం. అత్తయ్య నా చిటికెనవేలు పట్టుకుంది.

"మీ మామయ్యా రోజూ వెళ్లేవాడు," అంది. "ఎక్కడికని నేనడగలేదు. రమ్మని ఆయనా అనలేదు."

తిరుగు బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. అంతలోనే పొద్దుగుంకి, ఉపవాసం విడవమని మసీదు నుంచి అజాన్ వినబడింది. ఎదురు సీట్లో దుకాణం యూనిఫాం వేసుకున్న అమ్మాయి ఖర్జూరాల డబ్బా తెరిచి అందరికీ చాపింది. అత్తయ్య ఒకటి తీసి, గింజ ఒలిచి, నా నోట్లో పెట్టింది. ఎవరికీ వడ్డించకుండా మొదటి ముద్ద నేను తినడం! కళ్లు తుడుచుకున్నాను.

ఫోన్ మోగింది. "ఎక్కడున్నావ్? ఇంట్లో ఏమీ లేదు!"

అత్తయ్య ఫోన్ లాక్కుంది. "ఒరే, నీ పెళ్లాం ఉపవాసం విడుస్తోంది, మాట్లాడించకు. బుట్టలో గుడ్లున్నాయి. నీ చేతులు నేను కన్నవే, రెండూ బాగానే పనిచేస్తాయి." పెట్టేసింది.

ఖర్జూరాలమ్మాయి పకపకా నవ్వింది.

మా స్టాపొచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. నేను లేవలేదు.

"ఈ బస్సు చివరికి ఎక్కడికి పోతుందో నేనెప్పుడూ చూడలేదత్తయ్యా."

"నేను మాత్రం చూశానా," అంటూ కాళ్లు సీటు మీదికి మడుచుకుంది.