మద్రాసు చుక్క, హీత్రూ మధ్యాహ్నం

కార్తీక సోమవారం ఉపవాసంతో విమానం ఎక్కేవాళ్లెవరైనా ఉంటే ఇది చదవండి. 2006 నవంబరులో నాకు జరిగింది.

మా ఆవిడ జయలక్ష్మి ఆ నెల సోమవారాల నోము పట్టింది. సోమవారం సాయంత్రం చుక్క కనపడేదాకా నీళ్లు తప్ప ఏమీ ముట్టదు. ఒక్క వారం తప్పినా మిగతావన్నీ వృథా అని ఆవిడ లెక్క. ఆవిడకు షుగరు. లండన్‌లో మేముండే హారోలో మా డాక్టరు ఉపవాసాలే వద్దన్నాడు. ఆఖరి సోమవారం మా తిరుగు ప్రయాణం రోజున పడింది.

"సాయంత్రానికి చుక్క కనపడుద్దా?" అని మద్రాసులో అడిగింది.

నేను నెట్‌లో చూశాను. మద్రాసు నుంచి హీత్రూకు ఎనిమిదివేల రెండొందల కిలోమీటర్లు, పదకొండు గంటలు. పొద్దున ఏడుకు బయలుదేరితే సాయంత్రం ఆరు. బయటికి రావడానికి ఓ ముప్పావు గంట.

"దిగంగానే చుక్క, చుక్క చూడంగానే అన్నం," అన్నాను.

టైము తేడా నాకు తెలియక కాదు. ఇండియాకు ఫోన్ చేసేటప్పుడల్లా లెక్క వేస్తాను. ఉపవాసానికీ వెయ్యాలని తోచలేదు.

విమానంలో ఇడ్లీ ఇచ్చారు. ఆవిడది కూడా నేనే తిన్నాను. ఎనిమిది గంటలు గడిచాక ఆవిడ కిటికీ తెర ఎత్తింది.

"ఏమండీ, సూర్యుడు యాడున్నాడో ఆడే ఉండాడే?"

"కదల్తాడులే."

"మనతో పాటే వస్తండాడు."

దిగేసరికి హీత్రూలో మధ్యాహ్నం పన్నెండున్నర. సామాను తీసుకుని బయటికొచ్చేసరికి ఒకటింపావు. మా అమ్మాయి మానస పెరుగన్నం డబ్బాతో నిలబడి ఉంది. జయలక్ష్మి చేతులు వణుకుతున్నాయి.

"మమ్, ప్లీజ్ ఈట్. ఇట్ గెట్స్ డార్క్ ఎట్ ఫోర్."

"నాలుగు దాకా ఉంటాలే."

"షి కాంట్, డాడ్!"

పైన మబ్బు. నాలుగు గంటలకు కూడా అక్కడ చుక్క కనపడే సూచన లేదు.

అప్పుడు ఒక సంగతి తోచింది. "పొద్దున సంకల్పం యాడ చెప్పుకున్నావు?"

"మా ఆదిలక్ష్మి ఇంట్లో."

"మొదలుపెట్టిన చోట చుక్క పొడిస్తే చాలదా?"

ఆవిడ ఆలోచించింది. "చెయ్యండి ఫోను," అంది.

మద్రాసులో ఆరూముప్పావు. మరదలు ఆదిలక్ష్మి డాబా ఎక్కింది.

"బావా, ఇక్కడా మబ్బే."

"చూడు, ఇంకా చూడు."

"ఆ... ఒకటి కనపడతంది!"

జయలక్ష్మి ఫోన్ లాక్కుంది. "కదల్తందేమో చూడవే."

"కదల్తా ఉందక్కా."

"అది విమానం, మొద్దుమొహమా! పక్కన చూడు."

మేము ముగ్గురం ట్రాలీ పట్టుకుని నిలబడ్డాం. వెనకాల జనం దారి వదలమంటున్నారు. మానస సారీ, సారీ అంటోంది.

"అక్కా! టెంకాయ చెట్టు పైన ఒకటుంది. ఇది కదల్లా."

"గట్టిగా చూశావా?"

"శివుడి మీద ఒట్టు."

"నా తరఫున దణ్ణం పెట్టు," అని చెప్పి జయలక్ష్మి ట్రాలీ మీదే కూర్చుని డబ్బా మూత తీసింది. సగం తిన్నాక చేతులు వణకడం ఆగింది. అప్పుడు నా వైపు చూసింది.

"సాయంత్రం ఆరూముప్పావుకి చుక్కన్నారే?"

"పొడిచిందిగా."

 ఆవిడ ఊరగాయ ఏదని మానసను అడిగింది.