నీటి యప్పగింత

మార్గశిరమాసమున బాలభాస్కరుని లేతకిరణములు తూర్పుకొండల శిఖరములను దాటి నేలకు దిగకమున్నే యుడుకుగుండమను పట్టణమున నేలయే పొగలు గ్రక్కుట మొదలుపెట్టును. కొండపాదమున నల్లరాతిమెట్ల నడుమ నహోరాత్రము బుగబుగ పొంగు నుష్ణజలకుండమునుండి వెలువడిన యావిరి వీధులవెంట ప్రాకి మేడల గోడలను తడిపి కిటికీల రంగుటద్దములపై ముత్యములవలె నిలిచి పిదప చినుకులై జారుచుండును. ఆ నీట మునిగినవారి కీళ్లు సడలునని పూర్వమొకప్పుడు ప్రసిద్ధి పుట్టగా కీళ్లనొప్పులు గల దొరలు నీటికొరకును కీళ్లనొప్పులు లేని జమీందారులు దొరలకొరకును వచ్చి యచ్చట సౌధములు కట్టించిరి. ఎవరి నొప్పులు తగ్గినవో యెవరివి తగ్గలేదో చెప్పువారు లేరు గాని మేడలు మాత్రము నిలిచినవి.

అట్టి సౌధములలో స్నానవీధి నడుమనున్న పచ్చటద్దాల మేడ మిక్కిలి సొగసైనది. బర్మాటేకు స్తంభములతోడను లతలు చెక్కిన ద్వారబంధముతోడను వీధివైపునకు చొచ్చుకొనివచ్చి పచ్చని గాజుపలకలు తాపిన చంద్రశాలతోడను విలసిల్లు నా గృహములోనికి గుండమునుండి వచ్చు రాతికాలువ యొకటి గోడక్రిందుగా ప్రవేశించి స్నానశాలయందు సింహముఖమునుండి రాతితొట్టిలోనికి రేయింబవళ్లు ధారగా పడుచుండెను. ప్లీడరు పురుషోత్తమరావు తన చిన్నకూతురు నళినాక్షికి శైశవముననే విషజ్వరము సోకి కాళ్లు రెండును చచ్చుపడగా నా నీటి మహిమను నమ్మి యా మేడను కట్టించి యామెను దినదినమును తొట్టిలో దింపి లేవనెత్తు పనిని పెద్దకూతురగు సౌదామని కప్పగించి కొంతకాలమునకు స్వర్గస్థుడయ్యెను. చిన్ననాటనే భర్తను గోల్పోయి పుట్టినింటనే నిలిచిపోయిన సౌదామని యా భారమును తల నెరయువరకును మోసెను. నళినాక్షికి కాళ్లు రాలేదు. గడచిన శ్రావణమున ప్రాణమే పోయెను.

ఆనాటినుండి సౌదామని కంట చుక్కనీరు రాలేదు. శవము లేచిననాడును రాలేదు. పెద్దకర్మనాడు బంధువులెల్ల గొల్లుమనుచుండగా నామె వంటవానికడకు పోయి పప్పులో నుప్పు చాలలేదని చెప్పుచు నిలుచుండెను. ఉప్పు సరిగనే యున్నది. ఆమె నాలుకకే రుచి తెలియుట మానినది. స్నానవీధి యమ్మలక్కలు చూచి చూడనట్లూరకుండువారు కారు గనుక పీడ విరగడైనదని లోలోన మురియుచున్నది కాబోలునని చెవులు కొరుకుకొనిరి. ఆ మాట పోయి పోయి యామె చెవినే పడెను. విని యామె కోపగింపలేదు. అది నిజమేమో యను భయము మాత్రము మనసున నొకమూల చేరి కూర్చుండెను. ఇన్నియేండ్లు తాను చేసినది ప్రేమయో లేక పండ్లు తోముకొనుటవంటి యలవాటో తేల్చుకొనలేక యామె నిద్రలేచి తిని తిరిగి నిద్రించుచుండెను. కాకినాడనున్న పినతల్లికూతురు తనయింటికి వచ్చి యుండుమనగా సరేయని మేడను అమ్మకమునకు పెట్టెను. అందుకును విచారము కలుగలేదు.

రాజమహేంద్రవరపు కలపవర్తకుడగు గ్రంధి వీరభద్రయ్యయు నాతని భార్య కనకరత్నమును బేరము కుదిరిన పిమ్మట మేడను స్వాధీనపరచుకొనుటకై యా ప్రాతఃకాలమున వచ్చిరి. వీరభద్రయ్య కొన్న వస్తువును కొన్న పిదప గూడ శంకించు స్వభావము కలవాడగుటచే ప్రతిస్తంభమును వ్రేళ్లతో కొట్టి చెవియొగ్గి విని టేకేయని తృప్తిపడుచుండెను. కనకరత్నము స్తంభముల వంక చూడలేదు. మోకాళ్లు పట్టివేసి యడుగు తీసి యడుగు వేయుట దుర్లభమైన యామె గోడ పట్టుకొని తిన్నగా స్నానశాలకు నడచి తొట్టిగట్టున కూర్చుండి చీరకుచ్చెళ్లు పైకెత్తి పాదము నీట పెట్టబోయెను.

ఆ క్షణమున సౌదామని తటాలున వంగి తన మోచేయి నీట ముంచి “తాళుము నళినీ, చూడనిమ్ము” అనెను.

చచ్చుపడిన కాళ్లకు వేడి తెలియదు. గుండపు నీరు పూటకొక తీరున నుండును. చర్మము బొబ్బలెక్కినను నళినాక్షి యెరుగజాలదు గనుక సౌదామని ముందుగా మోచేయి ముంచి చూచి యెక్కువైనచో చల్లనీరు కలిపి పిదపనే చెల్లెలిని దింపుచుండెడిది. ఇప్పుడు మోచేయి నీటనే యున్నది. ఎంతసేపుంచినను వేడియో చల్లనో యామెకు బోధపడలేదు. పేరు తప్పు పిలిచితినని తెలిసినను సిగ్గయినను కలుగలేదు. చేయి తీసి కొంగున తుడుచుకొని “నాకు తెలియుటలేదు. మీరే చూచుకొనుడు” అనెను. కనకరత్నము పాదము వెనుకకు తీసికొనెను.

ఉడుకుగుండమున నొక యాచారము కలదు. ఇల్లు అమ్మవచ్చును గాని నీరు అమ్మరాదు. కావున నమ్మినవారు తమచేతితో తూము మూసి నీటిని గుండమున కప్పగింపవలెను. కొన్నవారు గుండమునకు మ్రొక్కి తమచేతితో తూము తెరచి యడిగి తెచ్చుకొనవలెను. ఈ రెంటి నడుమ నింట నీరు పారరాదు. ఆ మేడ కట్టిననాటినుండి చేతులు మారియుండలేదు గనుక నచ్చటి తూము మూయుట యదియే మొదలు.

సౌదామని సింహముఖము వెనుకనున్న తూముపలకను రెండుచేతుల పట్టి క్రిందికి దింపెను. ధార సన్నగిల్లి దారమంతయై చుక్కలై యాగిపోయెను. తొట్టినీరడుగుకన్నము గుండ పెరటితోటలోనికి జారిపోయెను. ఇల్లంతయు నిశ్శబ్దమయ్యెను.

ఆ నీటిచప్పుడు సౌదామనికి వినబడుట యెన్నడో మానినది. అది యిప్పుడు లేకపోగా తెలిసినది. ఆ చప్పుడును మించి వినబడవలెనని నళినాక్షి యెల్లప్పుడును గొంతెత్తి యక్కా యని కేకవేసెడిది. వీధివారు విందురు మెల్లగా పిలువరాదాయని సౌదామని విసుగుకొనెడిది. ఇప్పుడు మెల్లగా పిలిచినను వినబడును. గుసగుసలాడినట్లు పిలిచినను వినబడును. ఆమె తూముపలకపై చేతులట్లేయుంచి తలయొగ్గి నిలిచి విన్నది. ఎవరును పిలువలేదు.

మోకాళ్లపై కూలబడి సౌదామని యేడ్చెను. శ్రావణమునుండి రానిదంతయు నొక్కసారిగా వచ్చెను. తడియారని రాతినేలపై నుదురానించి చిన్నపిల్లవలె వెక్కివెక్కి యేడ్చెను.

వీరభద్రయ్య గుమ్మమున నిలిచి భార్యను చూచి “ముహూర్తము మించిపోవుచున్నది. తూము తెరువుము” అనెను.

“తొందరయేమి? ఆమె నేడ్వనిండు” అని కనకరత్నము బదులుచెప్పెను. “నా మోకాళ్లిన్నినాళ్లోర్చినవి. ఇంకొక గడియ యోర్వలేవా?”

అతడు గొణుగుకొనుచు తిరిగి స్తంభములకడకు పోయెను. ఆమె గట్టుపై చేతులు కట్టుకొని కూర్చుండెను. ఎండ చంద్రశాలను చేరి పచ్చటద్దముల గుండ నడవలోనికి దిగునంతవరకు నా యింట నొక్కయేడ్పు తప్ప మరియొక సవ్వడి లేదు. అదియు క్రమముగా తగ్గిన పిమ్మట కనకరత్నము లేచి కుంటుచు పోయి కన్నులు మూసి గుండమును తలచి పలకను పైకెత్తెను. నీరు బుసకొట్టుచు వచ్చి తొట్టిని నింపెను. ఆమె మరల గట్టున కూర్చుండి పాదము చాచి నీటికి జానెడు మీదనే యాపి సౌదామని మొగము చూచెను.

సౌదామని కొంగుతో కన్నులు తుడుచుకొని వచ్చి వంగి మోచేయి ముంచెను. చుఱుక్కుమనగా వెంటనే తీసెను.

“వేడిగా నున్నది. తాళుము తల్లీ” అని యామె పాదమును తన యొడిలోనికి తీసికొని నీరు చల్లారువరకు పట్టుకొని కూర్చుండెను.